గొడవ కత్తుల దాకా వెళ్లకముందే: విశాఖ వీధులకు ఒక మార్గదర్శి

2021 ఏప్రిల్‌లో పెందుర్తి మండలం జుత్తాడలో ఒకే కుటుంబానికి చెందిన ఆరుగురిని నరికి చంపారు. వాళ్లలో ఇద్దరు పసిపిల్లలు. తుపాకీ లేదు, బాంబు లేదు. ఉన్నది కత్తి, దాని వెనక పాత కక్ష. సామూహిక హింస అనగానే మనకు అమెరికా బడుల్లో కాల్పులో, టీవీలో చూసిన ఉగ్రదాడో గుర్తొస్తుంది. మన ఊళ్లో అది గట్టు తగాదాలోంచో, తెగిన పెళ్లి సంబంధంలోంచో, వాట్సాప్‌లో వచ్చిన ఒక వీడియోలోంచో పుడుతుంది.

ఇది అపార్ట్‌మెంటు సంఘాల వాళ్లకు, కాలనీ పెద్దలకు, కాలేజీ మాస్టార్లకు, యూనియన్ నాయకులకు, వినాయక చవితి కమిటీ కుర్రాళ్లకు రాస్తున్నాను. ఇలాంటి ఘటన జరిగాక వీధిలోకి వెళ్లి వింటే ఒక మాట తరచుగా వినిపిస్తుంది: “అంటూనే ఉండేవాడండీ, కోపంలో అంటున్నాడనుకున్నాం.” ముందే తెలిసినవాళ్లు ఉంటారు. వాళ్లు నోరు విప్పకపోవడానికి కారణం చెడ్డతనం కాదు, జాలి. చెబితే కుర్రాడి జీవితం పాడైపోతుందని, ఇంటి పరువు బజారున పడుతుందని జాలి. ఆ జాలిని ప్రాణాలు కాపాడే దారిలోకి మళ్లించడం ఎలాగో మెట్టు మెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టు: మీ వీధిలో ఏ రకం ప్రమాదం ఉందో తేల్చుకోండి

మూడు రకాలు. ఒకటి, ఒక మనిషి లోపల పెరిగే పగ: ఆస్తి, అవమానం, కాదన్న ప్రేమ, పోయిన ఉద్యోగం. రెండు, పుకారు విని పోగయ్యే గుంపు. మూడు, రెండు వర్గాల మధ్య రాజుకునే గొడవ. ఈ మూడోదానికి కులమో మతమో ఉండి తీరాలని లేదు. 2022 జనవరిలో రింగు వలల మీద మత్స్యకారుల మధ్యే గొడవ ముదిరి సముద్రంలో పడవలు తగలబడ్డాయి. ఒకే వృత్తి, ఒకే కడలి, ఇళ్ల మధ్య బంధుత్వాలు కూడా ఉండే గ్రామాలవి.

మూడింటికీ మందు ఒకటి కాదు. పగబట్టిన మనిషితో మాట్లాడాల్సింది ఒక్కరే. గుంపు ముందుకు ఒక్కరే వెళ్లకూడదు. వర్గాల గొడవకైతే పండగకు మూడు నెలల ముందు మొదలెట్టాలి.

రెండో మెట్టు: సంకేతాలు చదవడం

అమెరికాలో 2000–2013 మధ్య జనం మీద కాల్పులు జరిపిన 63 మంది గతాన్ని ఎఫ్‌బీఐ తవ్వి చూసింది. దాడికి ముందు ఒక్కొక్కరిలో సగటున నాలుగైదు ఆందోళనకర ప్రవర్తనలు చుట్టుపక్కల వాళ్ల కంట పడ్డాయి. మానసిక జబ్బు ఉందని డాక్టరు నిర్ధారించినవాళ్లు పావు వంతు మందే. బడుల్లో జరిగిన దాడుల మీద 2002లో వచ్చిన మరో ప్రభుత్వ అధ్యయనం ప్రకారం, నూటికి 81 ఘటనల్లో కనీసం ఒకరికి విషయం ముందే తెలుసు. తుపాకులు అక్కడివే అయినా, పగ పెరిగే తీరు మనకు తెలియనిది కాదు. అందుకే “వాడికి మెంటల్” అని తేల్చేసి పక్కకు జరగడం కుదరదు. మానసిక జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యి ఎత్తరు, పైగా దెబ్బలు తినేది తరచు వాళ్లే.

చూడాల్సింది మార్పును. ఎప్పుడూ అరిచేవాడు ఇవాళా అరిస్తే అదొక రకం. ఎప్పుడూ అరిచేవాడు హఠాత్తుగా మౌనంగా, ప్రశాంతంగా అయిపోయి, చేబదుళ్లు తీర్చేసి, పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపించేస్తే అది వేరే సంగతి. నోటి మాటలు గమనించండి. “చంపేస్తాను” అన్న మాట మనవాళ్లు కూర ఉప్పయినా అంటారు, దాన్ని పట్టుకుని కంగారు పడక్కర్లేదు. “వాళ్లింట్లో ఒక్కర్నీ మిగల్చను”, “నేనూ పోతాను, వాళ్లనీ తీసుకుపోతాను”, “ఆదివారం తర్వాత నా పేరు అందరికీ తెలుస్తుంది”, ఇలాంటి మాటల్లో మనుషులున్నారు, రోజు ఉంది, తన చావూ ఉంది. అవి వేరే కోవలోవి. వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో కత్తితో ఫొటో పెట్టి ఎవరినో ఉద్దేశించి రాసినా అంతే.

తర్వాత చేతలు. అవతలివాళ్లు ఎన్నింటికి బయటికొస్తారో వాకబు చేయడం, పనిలేకుండా వాళ్ల సందులో తిరగడం, కత్తి సాన పట్టించడం, బండి లేకపోయినా సీసాలో పెట్రోలు తెచ్చి పెట్టుకోవడం. వీటికి తోడు ఈమధ్యే తగిలిన దెబ్బ ఏదైనా ఉందా చూడండి: కోర్టులో ఓడిపోవడం, కంపెనీ గేటు దగ్గర పాసు లాగేసుకోవడం, ఆ అమ్మాయికి వేరే సంబంధం ఖాయమవడం. పాత పగకు కొత్త దెబ్బ తోడైన వారం రోజులు చాలా జాగ్రత్తగా ఉండాల్సిన కాలం.

మూడో మెట్టు: వెళ్లి మాట్లాడండి

ఈ మార్గదర్శి మొత్తంలో నేను ఎక్కువ నమ్మేది దీన్నే.

ఎవరు వెళ్లాలి? ఆ మనిషి మాట తీసిపారేయలేని ఒక్కరు. మేనమామ కావచ్చు, పని నేర్పిన మేస్త్రి కావచ్చు, హైస్కూలు మాస్టారు కావచ్చు. తగాదాతో సంబంధం ఉన్నవాళ్లు వద్దు. పదిమంది పెద్దమనుషులు కలిసి వెళ్తే అది పంచాయితీ అవుతుంది, అతను ముద్దాయిలా కూర్చుంటాడు. తాగి ఉన్నప్పుడు వద్దు, ఇంట్లో అందరి ముందూ వద్దు. ఇద్దరూ పక్కపక్కన ఉండే చోటు మంచిది: బీచ్ రోడ్డులో నడక, హార్బరు దగ్గర గట్టు, టీ కొట్టు బయట బల్ల. ఎదురెదురుగా కూర్చుంటే కళ్లలో కళ్లు పెట్టాలి, సిగ్గుపడ్డ మగాడికి అది కష్టం.

మాట ఎలా నడవాలో చూపడానికి, కంచరపాలెంలో ఒక మావయ్య, అల్లుడి వరసయ్యే కుర్రాడు టీ తాగుతున్నారనుకోండి.

“ఏటి అల్లుడూ, వారం బట్టి కనపడ్డం నేదు. నిద్దర పడతందా?”

“ఏటి నిద్దర మావా. ఆళ్లని సూత్తంటే ఒళ్లు మండిపోతంది.”

ఇక్కడ నూటికి తొంభై మంది “ఊరుకోరా, పైన దేవుడున్నాడు” అంటారు. కుర్రాడు సరే అని టీ గ్లాసు పెట్టేసి వెళ్లిపోతాడు, తలుపు మూసుకుపోతుంది. దానికి బదులు:

“మండదేటి మరి. నలుగురిలో అలగ సేత్తే నాకైనా మండుద్ది. ఏటనుకుంటన్నావు మరి? ఆళ్లని ఏటైనా సేసేద్దామని ఉందా?”

కుర్రాడు గ్లాసు తిప్పుతూ ఉంటాడు. మావయ్య కూడా మాట్లాడడు. ఈ మౌనాన్ని ఓర్చుకోవాలి.

“ఒకోపాలి అనిపిత్తంది మావా.”

“ఎలగ సేద్దామనుకున్నావు? ఎప్పుడు?”

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి. ఆత్మహత్య గురించి సూటిగా అడిగితే ప్రమాదం పెరగదని మానసిక వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. “చచ్చిపోవాలని కూడా అనిపిస్తోందా?” అని తప్పకుండా అడగండి. పదిమందిని చంపాలనుకునేవాళ్లలో చాలామంది తమ చావుకూ సిద్ధపడే ఉంటారు. చావాలన్న కోరిక తగ్గితే చంపాలన్న పట్టూ సడలే అవకాశం ఉంటుంది.

చేయకూడనివి కొన్ని. “తప్పు నీదే కదా” అని తీర్పు చెప్పొద్దు, ఆ తీర్పు నిజమే అయినా ఇవాళ వద్దు. పెళ్లాం పిల్లల మొహం చూడమని మొదటి నిమిషంలోనే అనొద్దు. “ఎవరికీ చెప్పను, ఒట్టు” అని మాట అసలు ఇవ్వొద్దు. అడిగితే సూటిగా అనండి: “నీ పరువు నా పరువే. కానీ ప్రాణం పోయే పనయితే మాత్రం నేను నోరు మూసుకు కూకోను.” ఆ మాట విని లేచి వెళ్లిపోయే మనిషికన్నా కాస్త నెమ్మదించే మనిషే ఎక్కువ. తనను ఎవరైనా ఆపాలని లోపల కోరుకునేవాళ్లుంటారు.

ఆ తర్వాత అతని గోడులో నిజమున్న ముక్క ఒకటి పట్టుకుని దాన్ని కదిలించండి. దయ అంటే తల నిమరడంతో అయిపోదు. జీతం బకాయి ఉంటే లేబర్ ఆఫీసులో అర్జీ రాయించండి. గట్టు తగాదా అయితే సర్వేకు దరఖాస్తు పెట్టించండి. కేసు ఏళ్ల తరబడి నలుగుతుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లండి, కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా ఉచిత న్యాయ సహాయం సంగతి చెబుతారు. ఫలితం ఎప్పుడో వస్తుంది. ఒక కాగితం మీద స్టాంపు పడిందంటే మాత్రం “నా మాట ఎవడూ వినడు” అన్న మాట ఆ రోజుకి అబద్ధమవుతుంది. రాత్రి భోజనం మీ ఇంట్లో పెట్టించండి. మర్నాడు ఉదయం మీరే ఫోన్ చేయండి.

నాలుగో మెట్టు: చెప్పాల్సిన చోట చెప్పేయండి

నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎవరిని అన్నది తేలిందా? దేనితో అన్నది తేలిందా? ఎప్పుడు అన్నది తేలిందా? తన ప్రాణం మీద ఆశ పోయిందా? వీటిలో రెండింటికి అవునని వస్తే మీ ఒక్కరి మాటలతో ఆగే పని కాదు. ఆ రోజే చెప్పాలి, రేపటికి పెట్టుకోకూడదు.

చేతిలో ఆయుధంతో బయల్దేరాడంటే 112. పాత 100 కూడా పనిచేస్తుంది. ఫోన్‌లో కథ చెప్పకండి. ఎక్కడ (కాలనీ పేరు, దగ్గరి గుడి లేదా స్కూలు), ఎవరు, ఎవరి మీదకు, చేతిలో ఏముంది, తాగి ఉన్నాడా, ఆ ఇంట్లో పిల్లలు ముసలివాళ్లు ఎంతమంది. ఇంతే. పేరు బయటపెట్టొద్దని కోరవచ్చు. ఆ వెంటనే ఎవరి మీదకు వెళ్తున్నాడో వాళ్లకు ఫోన్ చేయండి. దీన్ని చాలామంది మర్చిపోతారు. తలుపులు వేసుకోమనండి, వీలుంటే వెనక దారిన పక్కింటికి వెళ్లిపొమ్మనండి.

అంత తక్షణ ప్రమాదం కాకపోతే స్టేషన్‌లో ఎస్‌ఐకి రాతపూర్వకంగా ఇవ్వండి. అతను అన్న మాటలు ఉన్నదున్నట్టు, తేదీతో రాయండి, స్టేటస్‌ల స్క్రీన్‌షాట్లు జతచేయండి, రసీదు తీసుకోండి. నేరం జరిగిపోయిన తర్వాత అయితే మా పరిధి కాదని తిప్పి పంపే వీల్లేదు, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. జరగకముందు పనికొచ్చేది బైండోవర్. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు శాంతిగా ఉంటానని ఏడాది దాకా పూచీకత్తు రాయిస్తారు. జైలు కాదు, నేరం రుజువైనట్టూ కాదు. ఎన్నికలప్పుడు రౌడీషీటర్లకు చేసే తంతుగానే మనకు దీని పేరు తెలుసు గానీ, గట్టు తగాదాలో రెండు వైపులవాళ్లనూ బైండోవర్ చేస్తే చాలా రక్తం ఆగుతుంది. కుర్రాడి జీవితం పాడవుతుందని జాలిపడేవాళ్లు ఒకసారి లెక్క వేసుకోండి: ఒక బాండు కాగితమా, యావజ్జీవమా?

ఇంట్లో ఆడవాళ్ల మీద బెదిరింపులైతే 181, శక్తి యాప్, వార్డు సచివాలయంలోని మహిళా పోలీసు. గంజాయి వ్యవహారమైతే ఈగల్ విభాగం నంబరు 1972.

మనసు చెదిరిందనిపిస్తే, అంటే లేని గొంతులు వినపడటం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని నమ్మడం, రోజుల తరబడి నిద్ర లేకపోవడం కనిపిస్తే, 14416కు చేయండి. ఇది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాన్ని వెటకారానికి వాడుకోవడం మన ఊళ్లో అలవాటు, ఆ వెటకారం వల్లే మనవాళ్లు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు. రోగి రానంటే? 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం తనకో ఇతరులకో తీవ్ర హాని చేసే పరిస్థితిలో ఉన్నవాళ్లను, నామినీ ప్రతినిధి (చికిత్స విషయంలో రోగి తరఫున నిలబడే మనిషి) దరఖాస్తు మీద, నిపుణులు పరీక్షించి 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. కుటుంబం లేక రోడ్డున తిరిగేవాళ్లను రక్షణలోకి తీసుకుని వైద్యానికి చేర్చాల్సిన బాధ్యత అదే చట్టం పోలీసుల మీద పెట్టింది. గదిలో పెట్టి గొళ్లెం వేయడం, గొలుసు వేయడం, భూతవైద్యుడి దగ్గర వదిలిరావడం మాత్రం వద్దు. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కదల్లేక కాలిపోయారు.

ఐదో మెట్టు: చేతికందే వస్తువును దూరం చేయండి

కోపం చాలాసార్లు గంటల్లో దిగుతుంది. ఆ గంటల్లో చేతికి ఏమీ దొరక్కుండా చూడటమే పని. కొబ్బరి కత్తి, గొడ్డలి, చేపలు కోసే కత్తి చుట్టాలింట్లో పెట్టించండి. యాసిడ్ అమ్మాలంటే కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూసి రిజిస్టరులో రాయాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, మీ వీధి హార్డ్‌వేర్ షాపువాడికి ఆ సంగతి గుర్తు చేయండి. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే కొన్నాళ్లు స్టేషన్‌లో డిపాజిట్ చేయించండి. ఆ వారం మందు పోయించే స్నేహితులను పిలిచి గట్టిగా చెప్పండి.

ఆరో మెట్టు: పుకారు, గుంపు

2018 మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో పార్థీ గ్యాంగ్ తిరుగుతోందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని ఒకటే ప్రచారం. హైదరాబాద్ పాతబస్తీలో ఆ అనుమానంతోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. అదే ఏడాది జులైలో హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లిన స్నేహితుల్లో ఒకరు బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని వాట్సాప్‌లో పాకిపోయింది. కారును వెంటాడి కొట్టారు, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చనిపోయాడు. ఆ నెలలోనే సుప్రీంకోర్టు ప్రతి జిల్లాకూ మూకదాడుల నివారణకు ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని ఆదేశించింది, వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును ఐదు చాట్లకు కుదించింది.

విశాఖలో ఈ ముప్పుకు ఒక ప్రత్యేకత ఉంది. పోర్టు, స్టీల్ ప్లాంటు, రైల్వే, కేజీహెచ్. వీటి వల్ల ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడేవాళ్లు, ఏజెన్సీ నుంచి కొండ భాషలు మాట్లాడేవాళ్లు రోజూ వస్తారు. తెలుగు సరిగ్గా రాకపోవడమే అనుమానానికి మొదటి కారణమవుతుంది. అడిగినదానికి తడబడతాడు, తడబడితే దొంగ అంటారు. కాబట్టి మీ కాలనీలో హిందీ, ఒడియా బాగా వచ్చినవాళ్ల నంబర్లు రాసి పెట్టుకోండి. ఖర్చు లేని రక్షణ ఇది.

గ్రూపులో వీడియో వచ్చిందనుకోండి. రెండు బాణాల గుర్తుతో “చాలాసార్లు ఫార్వర్డ్ అయింది” అని ఉంటే మరీ జాగ్రత్త. ఊరు, తేదీ, నంబరు ప్లేటు, వెనక దుకాణాల బోర్డుల మీది భాష చూడండి. స్టేషన్‌కు ఫోన్ చేసి అడగండి. అడ్మిన్‌గా మీరు పెట్టాల్సిన సందేశం ఇలా ఉండాలి: “ఈ వీడియో మన ఊరిది కాదు. ఫలానా స్టేషన్‌తో ఇప్పుడే మాట్లాడాను. పిల్లలెవరూ తప్పిపోలేదు. తీసేస్తున్నాను.” వట్టి “ఫేక్” అని రాస్తే ఎవరూ నమ్మరు, మాట్లాడింది ఎవరితోనో చెబితే నమ్ముతారు.

గుంపు అప్పటికే పోగైతే? పూర్ణా మార్కెట్ సందులో ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఒకామె, చుట్టూ ముప్ఫై మంది అనుకోండి. ముందు 112కి చేయండి లేదా చేయించండి. తర్వాత మీరొక్కరు కాదు, మరో ఇద్దరితో కలిసి లోపలికి వెళ్లండి. ఒక పెద్దావిడ ఉంటే సగం పని అయినట్టే, ఆడమనిషి మీదుగా చెయ్యి విసరడానికి కుర్రాళ్లు జంకుతారు. ఆమె దొంగ కాదని వాదన పెట్టుకోకండి. ఆ వాదనలో మీరు గెలవరు, మీరూ ఆ గ్యాంగే అంటారు. “నిజంగా దొంగే అయితే గ్యాంగు మొత్తం దొరకాలి కదా, ఈవిడ బతికుంటేనే చెబుతుంది. పోలీసులు ఐదు నిమిషాల్లో వస్తున్నారు” అనండి. గుంపుకు తన కోపం వృథా కాలేదనిపించాలి. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులోకి ఆమెను, బిడ్డను నడిపించి షట్టరు దించేయించండి. కాసిన్ని మంచినీళ్లు ఇవ్వండి. బయట గుంపులో మీకు తెలిసిన మొహాలను పేరుపెట్టి పిలవండి: “ఒరే శ్రీను, నువ్వేటి ఇక్కడ? బండి తీసి దారి వదులు, జీపు రావాలి.” పేరు పడగానే శ్రీను గుంపులోంచి బయటికొచ్చి మళ్లీ శ్రీను అవుతాడు. నలుగురికి నాలుగు పనులు అప్పజెప్పండి.

ఇంకా కదలనివాళ్లకు చట్టం మాట చెప్పండి. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది కూడి ఒకే ఉద్దేశంతో నేరం చేస్తే, దెబ్బ వేసినవాడే కాదు, అందులో పాలుపంచుకున్న ప్రతివాడూ ఆ నేరానికి బాధ్యుడే. కులం, సామాజిక వర్గం, భాష, పుట్టిన చోటు, వ్యక్తిగత నమ్మకం లాంటి కారణాలతో ఐదుగురో అంతకు మించో కలిసి చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం అని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ చెబుతోంది.

ఏడో మెట్టు: పండగకు ముందే పరిచయాలు

మహారాష్ట్ర భివండీలో 1984లో ఘోరమైన మత కల్లోలం జరిగింది. ఆ తర్వాత అక్కడికి వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పేటపేటకూ హిందువులు, ముస్లింలు కలిసి కూర్చునే మొహల్లా కమిటీలు పెట్టించాడు. 1992–93లో పక్కనే ముంబయి తగలబడుతుంటే భివండీ ప్రశాంతంగా ఉంది. కమిటీ గొప్ప ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. అర్ధరాత్రి పుకారు వస్తే అవతలి పేటలో ఎవరికి ఫోన్ చేయాలో ఇవతలివాడికి తెలుసు, అంతే.

మన పోర్టు దగ్గర మూడు కొండల మీద రాస్ హిల్ చర్చి, ఇషాక్ మదీనా దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి పక్కపక్కనే ఉన్నాయి. వాటి ఫొటోలు తీసి మతసామరస్యం అని స్టేటస్ పెట్టుకుంటాం గానీ, ఆ మూడు చోట్లకూ వెళ్లే మనుషుల ఫోన్ నంబర్లు మన దగ్గర ఉండవు. శాంతి కమిటీ సమావేశం నిమజ్జనానికి రెండు రోజుల ముందు స్టేషన్‌లో టీ, బిస్కెట్లతో ముగిస్తే అది ఫొటోకే. మూడు నెలల ముందే కూర్చోండి. ఊరేగింపు దారి, ప్రార్థన వేళలు, డీజే ఎక్కడ ఆపాలి, ఏ మలుపు దగ్గర ఎవరు నిలబడాలి, ఇవన్నీ తేల్చి రాసుకోండి. కమిటీలో పెద్దమనుషులే కాదు, డీజే బండి ముందు ఎగిరే కుర్రాళ్ల నాయకుడూ ఉండాలి. రాయి విసిరేది పెద్దమనుషులు కాదు.

ఎనిమిదో మెట్టు: జనం పోగయ్యే చోటు

కల్యాణ మండపం, కాలేజీ, మాల్, గుడి, ఏదైనా సరే, బయటికి వెళ్లే దారులు లెక్కపెట్టండి. వెనక గేటుకు తాళం వేసి తాళంచెవి మేనేజరు జేబులో పెట్టుకుంటే అది గేటు కాదు, గోడే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వంద మంది పోగయ్యే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, 30 రోజుల ఫుటేజీ దాచాలి. పెట్టండి. అయితే కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, జరగబోయేదాన్ని చూసేది వాచ్‌మన్. అతనికి నెలనెలా సరిగ్గా జీతం ఇచ్చి, అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో నేర్పి, తప్పుడు అనుమానమైతే తిట్టకుండా ఉంటే చాలు. మైకు దగ్గర నిబ్బరం ఉన్న ఒకరిని నిలబెట్టండి. గుంపులో “బాంబు” అని ఎవరో అరిస్తే, దాడి లేకపోయినా తొక్కిసలాట చంపేస్తుంది.

తొమ్మిదో మెట్టు: దాడి మొదలైపోతే

దారి ఉంటే పరుగెత్తండి, బ్యాగులు వదిలేయండి. దారి లేకపోతే గదిలోకి దూరి గడియ పెట్టి, బీరువా అడ్డం జరిపి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. సురక్షితంగా ఉన్నాక 112. ఎదుర్కోవడం వేరే దారి లేనప్పుడే, అది కూడా నలుగురు కలిసి, చేతికి దొరికిన కుర్చీలతో.

కత్తిపోటుకు ప్రధాన ప్రమాదం రక్తం పోవడం. పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది, 108 వచ్చేదాకా ఆగదు. శుభ్రమైన గుడ్డ, లేదంటే తువ్వాలు గాయం మీద పెట్టి రెండు చేతులతో, శరీరం బరువంతా వేసి నొక్కండి. తీసి తీసి చూడకండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి. చెయ్యి, కాలు అయి, నొక్కినా రక్తం ఆగకపోతే గాయానికి పైన, గుండె వైపు, వెడల్పాటి గుడ్డతో గట్టిగా బిగించి, కట్టిన టైము రాసి పెట్టండి. గుచ్చుకున్న కత్తిని పీకొద్దు. పసుపు, కాఫీ పొడి వద్దు. నీళ్లు తాగించొద్దు.

పదో మెట్టు: ఆ తర్వాత

2019 మార్చి 15న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల మీద దాడిలో 51 మంది చనిపోయారు. హంతకుడు దాన్ని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. మొదటి 24 గంటల్లోనే ఫేస్‌బుక్ ఆ వీడియో కాపీలు 15 లక్షలు తీసేయాల్సి వచ్చింది. అవన్నీ పెట్టింది హంతకుడు కాదు, చూసిన జనం. ఆ దేశ అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ అతని పేరు పలకనని పార్లమెంటులో చెప్పింది. మీ గ్రూపులో కూడా శవాల ఫొటోలు, దాడి వీడియోలు పోలీసులకు ఇచ్చి తీసేయండి. చేసినవాడి పేరు మోగించకండి.

బాధితులకు పరిహారం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వస్తుంది. ఎవరైనా ఒకరు ఆ కాగితాల పని భుజాన వేసుకోవాలి, ఏడుస్తున్నవాళ్లకు ఫారాలు నింపడం రాదు. చూసిన పిల్లలకు నిద్ర పట్టకపోతే, పక్క తడుపుతుంటే, బడికి వెళ్లనంటే పిల్లల సహాయం కోసం 1098 ఉంది, మాట్లాడించడానికి 14416 ఉంది. నిందితుడి ఇంటి మీదకు రాళ్లతో వెళ్లేవాళ్లను అదే రాత్రి ఆపాలి. ఆ ఇంట్లో మిగిలింది అతని తల్లి, పిల్లలు. వాళ్లను వెలివేస్తే తర్వాతి పగ అక్కడే పెరుగుతుంది. వాళ్ల పిల్లల్ని బడికి ఎవరు దిగబెడతారో కమిటీలో ఒకరు మాటివ్వాలి.

ఇక తేదీలు. దినకర్మల రోజు, నిందితుడికి బెయిలు వచ్చిన రోజు, కేసు వాయిదాల రోజులు, సంవత్సరీకం. రెండు కుటుంబాలూ ఒకే ఆటో స్టాండులో, ఒకే కోర్టు వరండాలో ఎదురుపడేది అప్పుడే. కమిటీ పుస్తకంలో ఈ తేదీలు ముందే రాసుకుని, ప్రతిదానికీ రెండు రోజుల ముందు ఎస్‌ఐకి గుర్తు చేయండి. వాయిదా రోజు ఒక కుటుంబాన్ని గంట ముందు, మరోదాన్ని గంట తర్వాత బయల్దేరదీయండి. రెండు వైపులా చెరొక మనిషి వెంట వెళ్లాలి, తిరిగి ఇంటికి చేరాక కమిటీకి ఫోన్ చేయాలి.